తొమ్మిదో గడిలో నల్లపెట్ట

నేను 1955 జూన్ 13, సోమవారం నాడు ఆళ్లగడ్డ బ్లాకులో గ్రామసేవికగా చేరాను. 1992 ఆగస్టు 31న విరమించాను. మొత్తం ముప్పై ఏడేళ్ల రెండు నెలల పద్దెనిమిది రోజులు. ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఎవరు సంతకం పెట్టారో ఇక్కడ రాయను. ఈ పని గురించి నేను నేర్చుకున్నదంతా మొదటి ఐదేళ్లలోనే నేర్చుకున్నాను. మిగతా కాలమంతా దాన్ని మరిచిపోకుండా చూసుకున్నాను.

నంద్యాలలో మా ఇంటికి దగ్గరగా పశువుల ఆసుపత్రి ఉంది. అక్కడ కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు ఒకరోజు వచ్చి, “మీ రోజుల్లో పల్లెల్లో మొదట ఏం చేసేవారమ్మా?” అని అడిగారు. లెక్క రాసేవాళ్లం అన్నాను. ఎలా రాసేవారని అడిగారు. తప్పుగా అన్నాను. వాళ్లు నవ్వారు కానీ నేను నిజమే చెప్పాను. ఆ తప్పు సంగతే ఇది.

రిజిస్టరు

మాది నంద్యాలలో కిరాణా కొట్టు. ఇంట్లో గుడ్డు కూడా ముట్టనివాళ్లం. నాయన నాకు చిన్నప్పుడే కూడికలు, తీసివేతలు, కొట్టు పుస్తకం రాయడం నేర్పాడు. అందుకని ఏ కాగితం చేతికిచ్చినా గళ్లు నింపడం నాకు ఇష్టంగా ఉండేది. ఖాళీ గడి కనిపిస్తే ప్రాణం ఊరుకునేది కాదు.

బ్లాకులో నాకు ఇచ్చిన పశువుల రిజిస్టరులో పది గళ్లు. ఇంటి యజమాని పేరు, ఎద్దులు, ఎనుములు, గొర్రెలు, మేకలు, కోళ్లు, ఇతరాలు, గుర్తులు అయ్యాక తొమ్మిదోది “ఎందుకు పెంచుతున్నారు”. పదోది సంతకం.

నాకు అప్పగించిన పల్లె ఆళ్లగడ్డకు నాలుగు మైళ్లు. పేరు రాయను, ఆ మనుషుల మనవళ్లు అక్కడే ఉన్నారు. నల్లరేగడి నేల, జొన్న, కొర్ర, పత్తి. పశువులున్న ఇళ్లు నలభై ఒకటి. రెండు రోజుల్లో నలభై ఒక్క ఇళ్లూ తిరిగాను. పశువులను నా కళ్లతో చూసి, నా వేలితో లెక్కపెట్టి రాశాను. ఆ అంకెల్లో ఒక్కటి కూడా తప్పు లేదని ఇప్పటికీ చెప్పగలను.

తొమ్మిదో గడి మాత్రం ఎవరినీ అడగలేదు. ఆ సాయంత్రం గదిలో కూర్చుని నేనే నింపాను. ఎద్దు సేద్యానికి, ఎనుము పాలకు, గొర్రె మాంసానికి, గాడిద బరువుకు, కోడి గుడ్లకు. శిక్షణలో ఇచ్చిన పుస్తకంలో అలాగే ఉంది. మొదటి ఇంటికి రాసి, కింద నలభై ఇళ్లకూ డిట్టో పెట్టాను. పని చక్కగా అయిందని తృప్తిగా నిద్రపోయాను.

నన్ను దిద్దినవాళ్లు

సంతకాల కోసం మళ్లీ ఇంటింటికీ వెళ్లినప్పుడు రాసింది చదివి వినిపించాలి. అప్పుడు మొదలైంది.

ఒక రెడ్డిగారింట్లో మూడు ఎద్దులు. రెండు సేద్యానివి, ఒకటి ముసలిది. ముసలిదాన్ని గుర్తుల గడిలో “పనికిరానిది” అని రాశాను. ఆయన వక్క కొరకడం ఆపి, “ఎవురు చెప్పినారమ్మా నీకు?” అన్నాడు.

“పళ్లు ఊడిపోయినాయి కదండీ.”

“నాకూ ఊడినాయి. నన్ను గూడా రాసుకున్యావా ఆ గడిలో?”

ఇంట్లో అందరూ నవ్వారు. తర్వాత ఆయనే చెప్పాడు. కొత్త కోడెను మొదటిసారి గుంటకకు కట్టేటప్పుడు పక్కన ఆ ముసలిదాన్నే కడతారు. సాలు తప్పకుండా నడవడం, మలుపు దగ్గర ఆగడం కోడెకు అదే నేర్పుతుంది. ఊళ్లో పదకొండు కోడెలు దాని పక్కన నడిచి పని నేర్చుకున్నవే. “పంతులు ఎద్దు” అని దాని పేరు. నేను కొట్టేసి తిరగరాశాను.

గొర్రెల పుల్లన్నకు నూట నాలుగు గొర్రెలు. “మాంసానికి” అని చదివితే అతను కంబళి భుజం మార్చుకుని, “ఓయమ్మా, మాంసానికైతే యాడాదికొకసారి గదా నాకు పని. రోజూ ఎందుకు తిరుగుతాండా?” అన్నాడు. అతని గొర్రెలు ఎరువుకు. ఎండాకాలం కోతలైన చేలల్లో రోజుకొక రైతు పొలంలో మంద కట్టిస్తాడు. తెల్లారేసరికి నేలంతా పెంట. మంద పడుకున్న పొలం రెండేళ్లు చేవ తగ్గదు. రైతు గింజలు కొలిచిస్తాడు. పుల్లన్న ఇంటిల్లిపాదీ తినేది ఆ గింజలే.

ఎనుముల సంగతి ఇంకా సిగ్గుచేటు. పాలకు అని రాశాను. ఆ ఊళ్లో పాలు తాగేవాళ్లే తక్కువ. అన్నీ తోడుపెట్టి, చిలికి, వెన్న కాచి నెయ్యి చేసేవాళ్లు. మజ్జిగ అడిగినవాళ్లకు ఊరికే పోసేవాళ్లు. ఆ నెయ్యి డబ్బాల్లో నంద్యాలకు పోయేది. మా కొట్టుకు వచ్చే నెయ్యి ఆ వైపుదే. ఆ డబ్బాలు తూచి పుస్తకంలో రాసిన పిల్లను నేను. అది ఎక్కడి నుంచి వస్తుందో పదేళ్లలో ఒక్కసారీ అడగలేదు.

ఇన్ని దిద్దుబాట్లయినా నాకు పూర్తిగా బుద్ధి రాలేదు. కోళ్ల దగ్గర మాత్రం అడగాల్సిన పని లేదనుకున్నాను. కోడి గుడ్లకు కాకపోతే ఇంకెందుకు?

తెల్లకోళ్లు

1957లో మాకు తెల్ల సీమకోళ్ల పథకం వచ్చింది. నాటుకోడి ఏడాదికి యాభై, అరవై గుడ్లు పెడితే గొప్ప. తెల్లపెట్ట అంతకు మూడింతలు పెడుతుంది. కానీ ఒక షరతు. జాతి కలవకుండా ఉండాలి కాబట్టి, తెల్లకోళ్లు తీసుకునే ఇంట్లో నాటుకోడి ఒక్కటి కూడా ఉండకూడదు.

మా బి.డి.ఓ. గారు నిజాయితీ మనిషి. జీపు ఉన్నా పల్లెలకు సైకిలు మీద వచ్చేవారు. షరతు అంటే షరతే. “ఒక ఇంట్లో వదిలితే ఊరంతా వదిలినట్టే” అన్నారు. నాకు ఆ మాట నచ్చింది. నేనూ అలాంటిదాన్నే.

తొమ్మిది ఇళ్లవాళ్లు ముందుకొచ్చారు. నెలరోజుల్లో ఎనిమిది ఇళ్లలో నాటుకోళ్లు ఖాళీ అయ్యాయి. కొన్ని సంతకు, కొన్ని కూరకు. తొమ్మిదో ఇల్లు సుబ్బమ్మది. భర్త పోయి చాలాకాలమైంది. రెండెకరాల చేను, ఒక ఎనుము. కూతురు రామలక్ష్మి కాన్పుకు వచ్చి ఉంది. సుబ్బమ్మ కోళ్లన్నీ తీసేసింది కానీ ఒక్క నల్లపెట్టను మాత్రం వదలనంది.

“ఎందుకమ్మా? అది ఎన్ని గుడ్లు పెడుతుంది?” అన్నాను.

“నా కోడి, నా ఇష్టం.”

“అయితే నీకు తెల్లకోళ్లు రావు.”

“రాకపోతే పాయ. గుడ్డు ముట్టని సెట్టి కూతురు కోళ్లు సాకేది నేర్పుతాంటే, నేర్సుకోనిదాన్ని నేనొకదాన్నన్నా ఉండల్ల గదా.”

పక్కింటివాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకు కోపం వచ్చింది. రిజిస్టరులో ఆమె వరుస తెరిచి రాశాను: “నల్లపెట్ట ఒకటి. గుర్తు: కుడికాలికి పసుపు దారం. ఎందుకు: గుడ్లకు.” తెల్లకోళ్ల కాళ్లకు మేము రేకు ఉంగరాలు తొడిగేవాళ్లం. ఈమె గుర్తుకని దారం కట్టింది కాబోలనుకున్నాను.

నవంబరు 18, సోమవారం నాడు బస్సు పైన గంపల్లో తెల్లకోళ్లు వచ్చాయి. ఇంటికి ఒక పుంజు, మూడు పెట్టలు. ఎనిమిది ఇళ్లకు ముప్పై రెండు. నాటుకోడి పొద్దు వాలితే చెట్టెక్కి కూర్చుంటుంది. ఇవి ఎక్కడుంటే అక్కడే నేలమీద కూర్చున్నాయి, దూరానికి కూడా తెల్లగా కనిపిస్తూ. జనవరి ఆఖరుకు అడవిపిల్లి ఆరింటిని, కుక్కలు నాలుగింటిని తీసుకుపోయాయి. ఐదు తెగులుకు పోయాయి. మిగిలినవి పదిహేడు: నాలుగు పుంజులు, పదమూడు పెట్టలు.

గుడ్లు మాత్రం నేను చెప్పినట్టే పెట్టాయి. జనవరి 12 నుంచి ఫిబ్రవరి 8 వరకు ఇరవై ఎనిమిది రోజుల్లో నూట ఎనభై ఆరు. నా పుస్తకంలో రోజువారీగా ఉంది. కానీ ఒక్క పెట్ట కూడా పొదగడానికి కూర్చోలేదు. గుడ్డు పెట్టడం, కేక వేయడం, లేచిపోవడం. తెల్లజాతి పెట్టకు పొదిగే గుణం ఉండదు. శిక్షణలో కిరోసిన్ దీపంతో నడిచే యంత్రంలో గుడ్లు పొదిగించేవాళ్లు. కాబట్టి కోడి పొదగాలన్న సంగతే నా తలలోకి రాలేదు. మాకు దగ్గరలో అలాంటి యంత్రం లేదు.

లెక్క వేసుకున్నాను. ఎండలు ముదిరేలోపు పిల్లలు లేవకపోతే, పదిహేడులో వేసవి దాటేవి ఎన్నో తెలియదు. ఎనిమిది ఇళ్లలో కోడి అన్నదే ఉండదు. ఉన్నవాటిని తీసేయించింది నేను. పొరుగున రెండు ఊళ్లు తిరిగాను, పొదుగుమీదున్న పెట్టను ఇస్తారేమోనని. ఒకామె తలుపు కూడా పూర్తిగా తెరవలేదు. “నీకిస్తే సంతకు పంపుతావంట గదా” అంది.

ఇక మిగిలింది సుబ్బమ్మ నల్లపెట్ట.

పదమూడు గుడ్లు

ఫిబ్రవరి 9, ఆదివారం పొద్దున తలవంచుకుని వెళ్లాను. సుబ్బమ్మ చేటలో జొన్నలు చెరుగుతోంది. చెప్పాలనుకున్నది చెప్పేలోపే ఆమె అంది:

“తెల్ల దొరసానులు గుడ్లు పెట్టి ఎలబారిపోతాండాయంట?”

“అవునమ్మా.”

“నా నల్లది మొన్ననే పొదుగుడుకొచ్చింది. గుడ్లు తే. బేసిగా తే, సరిగా తేవద్దు.”

నేను పదమూడు ఏరి తెచ్చాను. సుబ్బమ్మ గంపలో ఇసుక పోసి, పైన మెత్తటి గడ్డి పరిచి, ఉరుములకు గుడ్లు చెడకుండా ఒక ఇనుపముక్క, ఒక బొగ్గు పెట్టింది. పెట్ట తనంతట తానే ఎక్కి, ముక్కుతో గుడ్లన్నీ కిందికి సర్దుకుని కూర్చుంది. అప్పుడు సుబ్బమ్మ చెంబులో చెయ్యి ముంచి దాని వీపు మీద నీళ్లు చిలకరించింది. పెట్ట ఉలిక్కిపడి రెక్కలు విదిలించింది. సుబ్బమ్మ “అలవాటైతాదిలే” అంది. తర్వాత ఎప్పుడు వెళ్లినా, రోజూ పొద్దున ఆ నీళ్లు చల్లడం చూశాను. శిక్షణలో పొదిగే గుడ్లకు తేమ కావాలని చెప్పారు. చదువు లేకపోయినా ఈమెకు ఎంత తెలుసు అనుకుని, ఆమె ముందే పైకి చదువుతూ పుస్తకంలో రాసుకున్నాను: “రోజూ నీళ్లు చల్లడం. గుడ్లకు మంచిది.”

పద్నాలుగో రోజు, ఫిబ్రవరి 23న వెళ్లేసరికి సుబ్బమ్మ చేనికి పోయింది. రామలక్ష్మి ఉయ్యాల ఊపుతోంది. పాపకు డెబ్బై ఎనిమిది రోజులు. ఆ అమ్మాయి కళ్లు వాచి ఉన్నాయి.

“ఏమైందమ్మా?”

“ఏం జెప్పల్ల అక్కా. మంగళవారం పెద్దమ్మ జాతర. ఆ పెట్ట అమ్మవారిది.”

అప్పుడు తెలిసింది. రామలక్ష్మికి అంతకుముందు రెండు కాన్పులు పోయాయి. మూడోసారి ఏడో నెలలో సుబ్బమ్మ ఆ నల్లపెట్ట కాలికి పసుపు దారం కట్టి మొక్కుకుంది, తల్లీబిడ్డా క్షేమంగా ఉంటే జాతరలో దాన్ని అమ్మకు ఇస్తానని. కాన్పు కాకముందు మొక్కు బయటికి చెప్పకూడదు. అందుకని నవంబరులో నాకు చెప్పలేదు. కాన్పయ్యాక చెప్పేదేమో. నేను అడగలేదు.

నేను గుర్తు అని రాసుకున్న దారం అది.

“మీ అమ్మ గుడ్లు ఎందుకు పెట్టించుకుంది మరి?”

“‘ఎనిమిదిండ్లు బోడిగా ఉండాయి, నాకేం సంబరం’ అంటాది. మా అమ్మకు గుండె రాయి. నాకు భయమైతాంది అక్కా. మొక్కు తప్పితే నా బిడ్డకేమన్నా అయితే?”

సుబ్బమ్మ వచ్చాక, నంద్యాల సంతలో ఇంకొక నల్లపెట్టను తెస్తాను, దాన్ని ఇవ్వమ్మా అన్నాను.

“నీకు పెండ్లికి ఒకన్ని జూపిచ్చి, పీటలమీదికి ఇంగొకన్ని దెస్తే కూసుంటావా?”

“కూర్చోను.”

“అమ్మ గూడా కూసోదు. ఆమెకు మొక్కింది దీన్నే.”

“అయితే మంగళవారం దీన్ని...”

“మంగళారం రానీలే. పో, పొద్దువాలుతాంది. దోవలో కుక్కలుంటాయి.”

మంగళవారానికి పదహారో రోజు, అప్పటికి గుడ్డులో పిల్ల దాదాపు తయారై ఉంటుంది. పెట్టను లేపితే పదమూడూ పోతాయి. లేపకపోతే ఆ అమ్మాయి భయం ఏ లెక్కతో తీర్చను? రెండు రోజులు నా పుస్తకంలో ఏమీ రాయలేదు. ఆ రెండు పేజీలు ఇప్పటికీ ఖాళీగానే ఉన్నాయి.

జాతర

ఫిబ్రవరి 25, మంగళవారం. నేను అంతవరకు జాతరలో బలులిచ్చే వైపు వెళ్లి ఎరుగను. ఆ రోజు వెళ్లాను. రామలక్ష్మి పాపను ఎత్తుకుని ముందు నడిచింది. వెనక సుబ్బమ్మ, తలమీద గంప. గంప మీద తడిగుడ్డ. గుడ్ల మీద కూర్చున్న పెట్టను గంపతో సహా మోసుకొచ్చింది.

పూజారి ఓబులేసు గుడ్డ తీసి చూసి, “ఏందమ్మే, సంసారమంతా ఎత్తుకొచ్చినావు?” అన్నాడు.

“మొక్కింది తెచ్చినా. కాలికి దారముంది జూడు.”

“దారముంది సరే. కింద గుడ్లుండాయి గదా?”

“నేను మొక్కినప్పుడు లేవు. నీ పని నువ్వు జెయ్యి ఓబులేసప్పా. అమ్మకు కావల్లంటే తీసుకుంటాది.”

అక్కడి పద్ధతి ఇది. మొక్కిన జీవం మీద వేపాకుతో పసుపునీళ్లు చల్లుతారు. అది ఒళ్లు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే ఒప్పుకోనట్టు, దాన్ని వెనక్కి తీసుకుపోవాలి. మూడుసార్లు చూస్తారు.

ఓబులేసు మొదటిసారి చల్లాడు. పెట్ట కళ్లు మూసుకుంది. రెండోసారి ఎక్కువ చల్లాడు. అది మెడ లోపలికి లాక్కుని, రెక్కలు ఇంకాస్త వెడల్పు చేసి గుడ్లను కప్పుకుంది. మూడోసారి అతను చెంబెత్తి పోసినంత పని చేశాడు. నీళ్లు దాని ఈకల మీదుగా జారి గడ్డిలోకి పోయాయి. ఒక్క ఈక కదలలేదు.

ఓబులేసు వేపాకు కింద పెట్టాడు. “ఇప్పుడొద్దంటాంది అమ్మ. తీసుకోనిపో. పిల్లల తల్లి గదా, ఆమెకు తెల్దా?” అని గంపలోనే పెట్ట నెత్తిన కుంకుమ పెట్టి, అదే వేలితో పాప నుదుట పెట్టాడు. రామలక్ష్మి అక్కడే కూలబడి, నవ్వుతూ ఏడ్చింది. మొక్కు తప్పలేదు. అమ్మే వద్దంది.

తిరిగొస్తుంటే సగం దారిలో నాకు నా పుస్తకం గుర్తొచ్చింది. రోజూ పొద్దున గుప్పెడు నీళ్లు, పదహారు రోజులు. మొదటి రోజు ఉలిక్కిపడిన పెట్ట.

“సుబ్బమ్మా, ఆ నీళ్లు నువ్వు...”

ఆమె గంప కింద నుంచి నావైపు చూసింది. “గుడ్లకు మంచిదని నువ్వే రాసుకుంటివి గదమ్మా” అంది.

ఇంకేమీ అడగలేదు. నేను అడగకుండా వదిలేసి మంచి పని చేసింది ఆ ఒక్కసారే.

లెక్క

మార్చి 2, ఆదివారం, పదమూడులో పదకొండు పిల్లలు లేచాయి. ఒక గుడ్డు గొడ్డుది, ఒకటి లోపలే పోయింది. వేరేవాళ్ల గుడ్లు పొదిగిస్తే పెట్ట యజమానికి సగం పిల్లలు ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. సుబ్బమ్మ సగం తీసుకోలేదు. “ఎనిమిదిండ్లకు ఎనిమిది, నాకు మూడు. సరిపాయనా లెక్క?” అంది. సరిపోయింది. తెల్లకోళ్లు రావని నేను చెప్పిన ఇంట్లోకి అలా మూడు వచ్చాయి. రిజిస్టరులో ఎక్కించాను.

జరిగిందంతా ఒక పేజీలో రాసి బి.డి.ఓ. గారికి ఇచ్చాను, నీళ్ల సంగతి తప్ప. ఆయన చదివి, “ఇవి పొదగవని ముందే ఎందుకు తెలియలేదు?” అన్నారు.

“నేను అడగలేదండి.”

ఆయన “నన్నూ కలుపుకో” అన్నారు. రెండో విడత తెల్లకోళ్లు వచ్చినప్పుడు ఆ షరతు కాగితంలో లేదు. ఇంటికొక నాటుపెట్టను ఉంచుకోమని నేను చెబుతుంటే ఆయన విననట్టు ఉన్నారు. నేను పనిచేసిన అధికారుల్లో ఆయన్నే మంచివాళ్లలో మొదట లెక్కపెడతాను. తప్పు చేయనివాళ్లు నాకు తారసపడలేదు. తప్పును నలుగురి మీదికి తోయనివాళ్లు ఇద్దరో ముగ్గురో తారసపడ్డారు.

అమ్మాయిలూ, మీకు నేను చెప్పగలిగింది ఇంతే. తల లెక్కపెట్టడం ఎవరైనా చేస్తారు. ఆ ఇంటివాళ్లు దాన్ని ఎందుకు ఉంచుకున్నారో వాళ్ల నోటితో వినేదాకా కలం మూత తీయకండి.

నాకు 1960 మేలో బదిలీ అయింది. 28వ తేదీ, శనివారం, రిజిస్టరు అప్పగించేముందు చివరిసారి ఊరంతా తిరిగాను. సుబ్బమ్మ ఇంటి ముందు రామలక్ష్మి కూతురు నూకలు చల్లుతోంది. రెండేళ్ల ఐదు నెలల ఇరవై ఒక్క రోజుల పిల్ల. నల్లపెట్ట ఆ పిల్ల కాళ్ల మధ్య తిరుగుతోంది, కుడికాలికి దారం ఉంది. 1959 జాతరకూ, 1960 జాతరకూ ఆ పెట్ట సరిగ్గా పొదుగు మీదే ఉంది. రెండుసార్లూ గంపతోనే వెళ్లింది, రెండుసార్లూ గంపతోనే తిరిగొచ్చింది.

అరుగు మీద కూర్చుని ఆమె వరుస తెరిచాను. తొమ్మిదో గడిలో నా పాత చేతిరాత, “గుడ్లకు”. దాన్ని కొట్టేసి, కలం పట్టుకుని అడిగాను.

“సుబ్బమ్మా, ఈ పెట్టను ఎందుకు పెంచుతున్నావు?”

“రాసుకో. మొక్కుకని.”

“మొక్కు ఇంకా తీరలేదు కదా?”

“అందుకే గదమ్మా పెంచుతాండా.”